మోకాళ్ళకు కరెంటు వైద్యం

ఒట్టు పెట్టుకోకూడదని వాక్యం చెబుతుంది. మా పాస్టరుగారూ అదే చెబుతారు. అయినా సరే, మా అమ్మ చదువుకున్న బైబిలు మీద కుడిచెయ్యి పెట్టి రాస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారు. నవ్వనివ్వండి.

తెనాలిలో నాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. స్విచ్చులు, వైర్లు అమ్ముతాను. పిలిస్తే ఇళ్ళకు వెళ్ళి చిన్నా చితకా రిపేర్లు చేస్తాను. మిగతా టైములో కోతలు కోస్తాను. వేమూరు కాలవలో నా గేలానికి పడ్డ కొరమేను నన్నూ నా స్కూటర్నీ కలిపి లాకుల దాకా ఈడ్చుకుపోయిన కథ మా చుట్టాల్లో వినని వాళ్ళు లేరు.

పోయిన ఎండాకాలం బాపట్లలో మా పిన్ని మనవరాలి ప్రధానం జరిగింది. భోజనాల బంతిలో మా అక్కా బావా నా ఎదురుగా కూర్చున్నారు. వాళ్ళది రేపల్లె. అక్క టీచరుగా పనిచేసి రిటైరైంది. నిలబడి పాఠాలు చెప్పీ చెప్పీ మోకాళ్ళు అరిగిపోయాయి.

"ఏ మందూ పనిచెయ్యట్లేదురా. ఇంట్లో కూడా రబ్బరు చెప్పులు లేందే అడుగు పడట్లేదు" అంది.

ఊరుకోవచ్చు. బంతిలో పదిమంది చెవులు నా వైపు తిరిగి ఉంటే నేను ఊరుకోలేను.

"మందులెందుకక్కా? నా మోకాళ్ళూ ఇలాగే ఉండేవి. మా ఫ్రిజ్జుకి కాస్త షాకుంది. రోజూ పొద్దున్నే తడిచేత్తో హ్యాండిలు పట్టుకుంటా. ఇదిగో, చూడు!" అని లేచి అక్కడే ఒక గంతు వేశాను.

బంతంతా నవ్వింది. అంతటితో ఆపాల్సింది. కానీ కోతకి ఉప్పు సరిపోలేదనిపించింది. "త్రీపిన్ ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఉంది చూశావా, అది ఎర్త్. అదుంటే వైద్యం పనిచెయ్యదు. పీకేయాలి" అన్నాను. అందరూ మళ్ళీ నవ్వారు. అక్క నవ్విందో లేదో నేను చూసుకోలేదు.

వానలు మొదలయ్యాక అక్క ఫోన్ చేసింది. "ఫ్రిజ్జు ఆగాగి నడుస్తోందిరా, ఒకసారి వచ్చి చూసిపో."

రేపల్లె ప్యాసింజరెక్కి వెళ్ళాను. గుమ్మంలో బావ ఎదురొచ్చాడు. "రావయ్యా బామ్మర్దీ! స్కూటరు మీద కాకుండా రైల్లో వచ్చావేంటి, చేప తినేసిందా?"

వంటింట్లో ఫ్రిజ్జు కాసేపు గుర్రుమంటోంది, టక్కున ఆగుతోంది, మళ్ళీ గుర్రుమంటోంది. ఎక్కడో వైరు వదులైందనుకున్నాను. అలవాటు కొద్దీ హ్యాండిలు మీద టెస్టరు పెట్టాను. ఎర్రగా వెలిగింది. సన్నటి మెరుపు కాదు, ప్లగ్గు కన్నంలో పెడితే వెలిగినంత నిండుగా వెలిగింది. వంగి ప్లగ్గు చూశాను. ఎర్త్ పిన్ను ఉండాల్సిన చోట రంపంతో కోసిన గుర్తు.

"బావా, ఇది ఎవరు కోశారు?"

"నేనేనయ్యా. పీకుదామంటే రాలేదు. నువ్వు చెప్పిన వైద్యమేగా."

అక్క మెరిసే కళ్ళతో చెప్పుకుపోతోంది. "మొదట్లో చీమ కుట్టినట్టు ఉండేదిరా. ఈమధ్య డోసు పెరిగింది. మొన్న ఇల్లు కడుగుతూ చెప్పుల్లేకుండా పట్టుకున్నానా, అమ్మో! ఎత్తి ఆ గట్టు మీద పడేసింది. అయినా మోకాళ్ళు మాత్రం తేలికపడ్డాయి."

మోచెయ్యి చూపించింది. చర్మం నల్లగా కమిలి ఉంది. ఆ అరిగిన మోకాళ్ళు వేయించిన రబ్బరు చెప్పులే ఇన్నాళ్ళూ మా అక్కను కాపాడాయి.

ఇంతలో పక్కింటావిడ వచ్చింది. అక్క కంటే పెద్దావిడ, అందరూ ఖాలా అంటారు. మర్యాదగా చెప్పులు గుమ్మం బయట విడిచింది. "మీ తమ్ముడేనా టీచరమ్మా? నాక్కూడా కాస్త ఫరక్ తెలుస్తోంది బాబూ" అంటూ సింకు దగ్గర చెయ్యి తడుపుకుని, వట్టికాళ్ళతో ఫ్రిజ్జు వైపు నడిచింది.

"ముట్టుకోవద్దు!" అని అరిచి, ప్లగ్గు ఊడబీకాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నిజం గొంతు దాకా వచ్చింది, బయటికొచ్చింది మాత్రం ఇంకో కోత. "ఎక్కువ వాడితే మోకాళ్ళు బిగుసుకుపోతాయక్కా."

"అయితే రోజు మార్చి రోజు పట్టుకుంటాంలే" అంది అక్క.

"అమ్మా, నేను మంగళవారం, శుక్రవారం వస్తా" అంది ఖాలా.

ఇక తప్పలేదు. ప్యాంటు మోకాలి పైకి లాగాను. లోపల బిగించుకున్న మోకాలి బెల్టు చూపించాను. "అక్కా, నా నొప్పే తగ్గలేదు. బాపట్లలో చెప్పిందంతా అబద్ధం. ఇది మందు కాదు, ప్రాణం తీస్తుంది" అన్నాను. అక్క నా భుజం తట్టింది. "ఇప్పటికైనా నిజం చెప్పావు, అది చాలురా" అంది.

ఆ తర్వాత ఫ్రిజ్జు జరిపి వెనక్కి దూరాను. కంప్రెసరుకి వెళ్ళే వైరును ఎలుక కొరికేసింది. సగం తెగిన రాగిపోగులు ఇనప బాడీకి ఆనుకున్నాయి. కంప్రెసరు అదిరినప్పుడల్లా తెగిన చోట వైరు కలుస్తోంది, విడిపోతోంది. ఎర్త్ ఉండుంటే మొదటి రోజే ఫ్యూజు ఎగిరిపోయి బావ తిట్టుకునేవాడు. అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. పాడైన ముక్క తీసేసి కొత్త వైరు వేశాను. కొత్త ప్లగ్గు బిగించి, గోడలో ఎర్త్ వస్తోందో లేదో చూసి, ఫ్రిజ్జు ఆన్ చేశాను. హ్యాండిలు మీద టెస్టరు వెలగలేదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒకటి కల్పించాను. ప్యాంటు నేను పైకి లాగలేదు. నిజం నేను చెప్పలేదు. అది చాలురా అని అక్క అనలేదు.

జరిగిందేమిటంటే, "డోసు సరిచేస్తున్నానక్కా, ఇలా జరుగు" అని ఫ్రిజ్జు వెనక్కి దూరాను. పని పూర్తయింది. హ్యాండిలు పట్టుకున్నా ఏమీ అనిపించకపోతే ఏం చెప్పాలో కూడా అక్కడ కూర్చునే అల్లుకున్నాను. లేవబోతే మోకాలు లేవనివ్వలేదు. బావ చంకల్లో చేతులు వేసి లేపాడు. ఆ లాగుడుకి బెల్టు ఊడి, ప్యాంటులోంచి జారి, చీలమండ దగ్గర చుట్టుకుపోయింది.

ఖాలా ముందు అర్థం చేసుకున్నట్టుంది, గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు వేసుకుంది. బావ కూడా ఎకసెక్కాలాడలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. అక్క ఫ్రిజ్జు తలుపు తీసి, సగం కరిగిన ఐసుముక్కలు గుడ్డలో చుట్టి, ఎదురుగా పీట వేసుకుని నా మోకాలి మీద అదిమిపెట్టింది. కమిలిన మోచెయ్యి నా కళ్ళ ముందే ఉంది.

"బాపట్లలో గంతేసినప్పుడు బాగా నొప్పెట్టిందట్రా?" అని అడిగింది.

"లేదక్కా" అన్నాను.