తేయీస్ అన్నడు

మా అమ్మ పోయి రెండు చలికాలాలయినయి. ఆ పొద్దు కారు నడిపింది నా మొగుడు. అందుకే మా అన్న ఇయ్యాల్టి దాంక మా ఇంట్ల అడుగు పెట్టలే. "స్పీడ్‌ల పోనిచ్చి మా అమ్మను చంపిండు" అని చుట్టాలల్ల అందరికి చెప్పుకున్నడు. నా మొగుడు ఒక్క మాట ఎదురు చెప్పలే. నేను సుత చెప్పలే. ఆయనెందుకు ఊకున్నడో నాకు చానా రోజులు అర్థం కాలే. నేను ఊకున్నది మాత్రం భయంతోని. నిజం చెప్తే ఆ అడ్డమైన మాటలన్నీ నా మీదికి వస్తయని.

నేను మౌలాలి రైల్వే క్వార్టర్లల్ల పుట్టి పెరిగిన. ఆడుకునుడు, కొట్లాడుడు అంతా ఉర్దూలనే, మాకు అది ఒకరు నేర్పేదే లేదు. ఆయనది తెనాలి దిక్కు. ఒకటే ఆఫీసుల పనిచేసి, ఇష్టపడి చేసుకున్నం. పదిహేనేండ్ల సంది సికింద్రాబాద్‌ల ఉన్నా ఆయనకు హిందీ నాలుక మీదికి రాలే. ఇగ లెక్కలైతే పూరా ఖరాబ్. తెలుగుల అయితే ఇరవై పక్కన మూడు పెడ్తే ఇరవై మూడు, ముప్పై పక్కన పెడ్తే ముప్పై మూడు. హిందీల అట్ల కాదు కదా, వంద దాంక దేని పేరు దానిదే. ఒకసారి మోండా మార్కెట్ల పచ్చీస్, అంటే ఇరవై అయిదు నిమ్మకాయలు అడగబోయి పచ్చాస్ అడిగి, యాభై కాయలు మోసుకొచ్చిండు. వారం రోజులు ఇంట్ల పులిహోరే. ఆ ముచ్చట నేను ఎన్ని ఫంక్షన్లల్ల చెప్పిన్నో నాకే యాదికి లేదు. చెప్పినప్పుడల్ల ఆయన సుత నవ్వుతుండె.

పోనీ తెలుగుల మాట్లాడనిచ్చిన్నా అంటే, అదీ లేదు. "ఏందయ్యా, ఊర్లె ఉన్నట్టు! ఇక్కడ హిందీల మాట్లాడు, లేకుంటే కొత్తోడనుకుంటరు" అని నేనే దబాయిస్తుంటి. నాకు అదో గొప్ప.

ఆయనకు కారు అంటే పానం. కొన్నది సెకండ్‌హ్యాండ్‌ది, చూసుకునేది మాత్రం పసిపిల్ల లెక్క. చలి షురూ అయిందంటే చాలు, గాలి గాలి అని నా పానం తీస్తుండె. "చలికి టైర్లో గాలి ముడుచుకుపోద్ది, నువ్వేం చెయ్యకపోయినా రెండు మూడు పాయింట్లు తగ్గిపోద్ది. తక్కువ గాలితో హైవే ఎక్కామంటే టైరు నలిగి లోపల్లోపలే వేడెక్కుద్ది" అని చెప్తుండె. డ్రైవర్ డోర్ తీస్తే పక్కన చిన్న స్టిక్కర్ ఉంటది, దాని మీద ముప్పై మూడు అని ఉంటది, అంతకు తక్కువ ఉండొద్దంట. అది సుత పొద్దుగాల బండి కదలకముందు చూడాలంట. నడిపినంక చూస్తే టైరు వేడికి ఎక్కువ చూపెడతదంట. నేను వింటుంటినా? "అబ్బ, మళ్ల మొదలువెట్టిండు" అని లోపలికి పోతుంటి.

ఆ డిసెంబర్‌ల హనుమకొండల పెండ్లి. తెల్లారి అయిదింటికే బయల్దేరాలె, మౌలాలిల అమ్మను ఎక్కించుకొని పోవాలె. అంత పొద్దుగాల గాలి కొట్టేటోళ్లు ఉండరని ఆయన ముందురోజు సాయంత్రమే కారును నేరేడ్‌మెట్ పెట్రోల్ బంకుకు తీస్కపోయిండు, నేను సుత పోయిన. ఆ దిక్కు మిలిటరోళ్లు ఎక్కువ కదా, అందుకని ఆడ గాలి కొట్టేటాయన అందరితోని హిందీలనే మాట్లాడుతడు. మంకీ టోపీ పెట్టుకొని పైపు పట్టుకొని వచ్చిండు. ఆడ మిషన్ ఉంటది. నంబర్ పెడ్తే చాలు, తక్కువుంటే అదే నింపుతది, ఎక్కువుంటే అదే తీస్తది.

"కిత్నా?" అన్నడు, ఎంత పెట్టాల్నని.

"తేయీస్" అన్నడు నా మొగుడు.

నేను ముందు సీట్ల కూసున్న, అద్దం దించే ఉంది. తేయీస్ అంటే ఇరవై మూడు. ముప్పై మూడంటే తేంతీస్. నాకు తెల్వదా? పుట్టినప్పటి సంది విన్న మాట. ఆ టోపీ ఆయన మళ్ల అడిగిండు, "తేయీస్?" అని. నా మొగుడు ఒకసారి నా దిక్కు చూసిండు. నేను నవ్విన. "హా, తేయీస్" అన్నడు గట్టిగ.

ఎందుకు చెప్పలేవే అంటే ఏం చెప్పాలె? రోజూ ఇదే పని చేసేటోడు, ఆయనకు తెల్వదా ఎంత కొట్టాల్నో అనుకున్న. అది సగమే. మిగిలిన సగం చెప్పాల్నంటే సిగ్గయితది. నిమ్మకాయల ముచ్చట పాతదైంది, రేపు పెండ్లిల చెప్పనీకి కొత్తది దొరికింది అనుకున్న. నాలుగు టైర్ల కాడ బుస్సుమని చప్పుడైంది. గాలి పోతుందో వస్తుందో సుత నేను చూడలే, ఫోన్ల పడ్డ.

తెల్లారి చలి ఎముకలు కొరుకుతుండె. అమ్మ శాలువా కప్పుకొని వెనక సీట్ల కూసుంది, పెండ్లి సామాన్లు సుత వెనకనే. ఘట్‌కేసర్ దాటినంక జెర తెల్లవడ్డది. పెండ్లి దాంక ఆగలేకపోయిన. "అమ్మా, నిన్న నీ అల్లుడు ఏం చేసిండో తెల్సా? గాలి ఎంత అంటే తేయీస్ అన్నడు! అడిగినోడు మళ్ల అడిగితే, హా తేయీస్ అని రుబాబు సుత!"

అమ్మకు ఉర్దూ వస్తది కదా, ఫక్కున నవ్వింది. మళ్ల ఆమెనే, "ఊకె ఏడిపిస్తవేందే పాపం, మంచి పిలగాన్ని" అన్నది. అమ్మ మాట్లాడింది అదే ఆఖరు.

ఆయన నవ్వలే. "తేయీస్ అంటే ఎంత?" అన్నడు.

"ఇరవై మూడయ్యా మహానుభావా!"

ఆయన మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది. యాక్సిలేటర్ మీదికెళ్లి కాలు తీసిండు. ఎడమ ఇండికేటర్ వేసిండు. "అత్తయ్యగారూ, గట్టిగా పట్టుకోండి, బండి పక్కకి ఆపుతున్నా" అన్నడు. చాలా మెల్లగ, ఎవరినో నిద్రలేపుతున్నట్టు అన్నడు. గంతల్నే వెనక టైరు ఫట్‌మని పేలింది. బండి గిర్రున తిరిగి అమ్మ కూసున్న దిక్కు డివైడర్‌కు కొట్టుకున్నది.

నాకు చెయ్యి విరిగింది. ఆయనకు నుదురు పగిలింది. అమ్మకు పైకి ఒక్క గీత సుత పడలే, శాలువా కూడా జారలే. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయింది.

పోలీసులు అడిగితే, "రాయెక్కింది సార్, నేను చూసుకోలేదు" అన్నడు. అన్న ఉరుక్కుంట వచ్చి, దవాఖాన వరండాల అందరి ముంగట ఆయన చెంప పగలగొట్టిండు. నెత్తికి కట్టు కట్టి ఉన్న మనిషిని! ఆయన చేతులు కట్టుకొని నిలవడ్డడు. బండిని ఆపబోయిండు, స్పీడ్ తగ్గించిండు, మమ్మల్ని పట్టుకొమ్మన్నడు. ఇవన్నీ చూసింది బతికున్నోళ్లల్ల నేనొక్కదాన్నే. నేను బెంచీ మీద కూసొని నా విరిగిన చెయ్యి చూసుకుంట ఏడ్సిన. అంతే చేసిన.

దినాలయినంక ఒకరోజు ఆటోల ఆ బంకుకు పోయిన. ఎవరి మీదనో ఒకరి మీద పడి కొట్లాడాలె కదా. "తేయీస్ అంటే తేయీసే కొడ్తవా? కార్లకు ఎవడన్న ఇరవై మూడు కొడ్తడా? అకల్ లేదా నీకు?" అని ఉర్దూల అరిసిన. టోపీ ఆయన నా చేతికున్న కట్టు చూసిండు, సంగతి సమజైనట్టుంది.

"అక్కా, సారును నేను రెండుసార్లు అడిగిన. మీరు సుత పక్కనే ఉంటిరి" అన్నడు. తెలుగుల అన్నడు.

"నీకు తెలుగొస్తదా?"

"మాది జనగామ అక్కా."

ఆడనే గట్టు మీద కూలవడ్డ. నేను హిందీల మాట్లాడుమని సతాయించకుంటే, ఆ మనిషి ముప్పై మూడు అంటుండె, ఈ మనిషి సరే సార్ అంటుండె. ముచ్చట అయిపోతుండె. టోపీ ఆయన నీళ్ల బాటిల్ తెచ్చిచ్చిండు, నేను తాగలే.

ఇప్పుడు మాకు కారు లేదు. ఆయన బస్సుల పోతడు. హిందీ మొత్తానికే బంద్ చేసిండు, ఆటో ఆయనతోని సుత తెలుగే. చలి మొదలైతే మాత్రం మా గల్లీల ఆగి ఉన్న కార్ల దగ్గర వంగి టైర్లు చూస్తడు. "గాలి తక్కువున్నట్టుందండీ, పొద్దున్నే చెక్ చేయించుకోండి" అని బతిమాలుతడు. జనం సరే సరే అని తప్పించుకుంటరు. పైనుంచి చూస్తుంటే నాకు దుఃఖం ఆగదు.

మొన్న అన్న బిడ్డ పెండ్లి కార్డు వచ్చింది. పైన నా పేరొక్కటే రాసిన్రు. ఆయన దాన్ని తీసి చూసి, "వెళ్లిరా, నువ్వు మేనత్తవి" అన్నడు. నాకు ఎక్కడలేని కోపమొచ్చింది. ఆయన మీద కాదు.

"నేను అన్నకు ఫోన్ చేస్తున్న, మొత్తం చెప్తున్న" అన్న. "నువ్వు తేయీస్ అన్నప్పుడే నేను విన్న. తప్పని తెల్సు. తెల్సి ఊకున్న, నవ్వుకోనీకి."

"తెలుసు" అన్నడు.

"తెలిసి రెండేండ్లు తిట్లు తింటున్నవా?"

"అమ్మ ఎలాగూ లేదు. అన్నయ్య కూడా లేకుండా పోతాడు నీకు" అన్నడు. కార్డును కవర్ల పెట్టిండు. ఇగ నా దిక్కు చూడకుండనే చెప్పిండు. "ఆయన రెండోసారి అడిగినప్పుడు నాకూ డౌటొచ్చింది. అందుకే నీ వైపు చూశా. నువ్వు నవ్వావు కదా. ఈసారి సరిగ్గానే చెప్పాననుకున్నా."

నేను ఫోన్ కలిపిన. అన్న ఎత్తిండు. ఆ నవ్వు కాడికెళ్లే చెప్పుడు షురూ చేసిన.