రేడియో మాస్టారి బీరువా

రేడియో మాస్టారి నోటికి తాళం లేదు. ఎదుటివాళ్లు వింటున్నారా, కునుకు తీస్తున్నారా అన్నది ఆయనకు అనవసరం. పలకరించిన పాపానికి లిఫ్టులో మొదలుపెట్టిన కబురు క్యాంటీన్ దాకా వెంటపడేది. అసలు రేడియోకైతే ఆపడానికి మీటైనా ఉంటుందని ఎచ్చార్ మేడమ్ విసుక్కునేది.

ఆవిడ విసుగులో న్యాయం ఉంది. ఫోన్లలో పెట్టే సర్క్యూట్ బోర్డులు తయారుచేసే వాళ్ల విదేశీ కంపెనీ రెండో భవనం కట్టింది. నాలుగొందల కొత్త ఉద్యోగాలు. మనుషుల్ని తీసుకునే బాధ్యత ఆవిడది. పరీక్షకు వచ్చినవాళ్లచేత ఆవగింజంత స్క్రూలను పట్టకారుతో తీయించి, బోర్డులో బిగింపజేసి చూసే పని మాస్టారిది. అంత సున్నితమైన పరీక్షలో ఆయన వాళ్ల నెత్తిమీద నిలబడి, బావమరిది బీరువా కొన్న వైనం చెప్పేవాడు.

"మాస్టారూ, వాళ్లని పని చేసుకోనివ్వండి!"

"చేసుకోమనండి మేడమ్, నేనేమన్నా చేతులు పట్టుకున్నానా? ఆఁ, ఎక్కడున్నాం? బీరువా మెట్లమీద ఇరుక్కుంది..."

ఆఖరి బ్యాచ్ పరీక్ష చూడడానికి విదేశీ మేనేజరు స్వయంగా వచ్చాడు. ఆ బ్యాచ్‌లో మేడమ్ సొంత అక్క ఉంది. బట్టలు కుట్టే కంపెనీ మూతపడి, పని లేక ఇంట్లో కూర్చున్న మనిషి. ఇది తప్పితే ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. చెల్లెలు మేనేజరుకి ఒక మాట చెబుతానంటే, "చెప్పావంటే నీతో మాట్లాడను" అంది.

మేడమ్ ముందే మాస్టారికి రెండు చేతులూ జోడించింది. "మీకు పుణ్యముంటుంది. ఈ ఒక్కపూట నోరు విప్పకండి."

మాస్టారు బుద్ధిగా వెళ్లి గోడకు ఆనుకున్నాడు. గది నిశ్శబ్దమైంది. అంతే, స్క్రూలు రాలడం మొదలైంది. ఒకటి నేలమీద పడిన చప్పుడుకి పక్కావిడ ఉలిక్కిపడి ఇంకోటి జారవిడిచింది. అక్క చెయ్యి వణకడం చూసి మేడమ్ ప్రాణం ఉసూరుమంది. మేనేజరు పెదవి విరిచాడు.

మాస్టారు మూతి బిగించుకుని మేడమ్ వంక చూశాడు. అప్పుడు తట్టిందావిడకు. ఇన్నాళ్లూ ఈయన వెతుక్కుంటూ వెళ్లి నిలబడింది వణికే చేతుల పక్కనే.

"ఆ దిక్కుమాలిన బీరువా ఏమైంది మాస్టారూ?" అంది పళ్లు కొరుకుతూ.

"అలా అడగండి!" మాస్టారు ఒక్క అంగలో అక్క బల్ల దగ్గరికి చేరాడు. "మా బావమరిది కిందనుంచి పైకి తోస్తున్నాడమ్మా. వాళ్లావిడ పైనుంచి కిందికి తోస్తోంది. ఇద్దరూ ఒకరికొకరు సాయం చేస్తున్నామనే అనుకుంటున్నారు..."

అక్క ఫక్కున నవ్వింది. పక్క బల్లలవాళ్లూ నవ్వారు. నవ్వుతుండగానే చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. గంట మోగేసరికి అక్క బల్లమీద బిగించని స్క్రూ ఒక్కటి కూడా మిగల్లేదు. ముక్క అర్థంకాని మేనేజరు కూడా నవ్వుతూ అక్క పేరు పక్కన టిక్కు పెట్టాడు.

అందరూ వెళ్లాక మేడమ్ ఆయన్ని తలుపు దగ్గర ఆపింది. "ఇంతకీ బీరువా పైకెక్కిందా, కిందికి దిగిందా?"

మాస్టారు తలుపుమీద చెయ్యి వేసి నవ్వాడు.

"ఏమో మేడమ్. అంతదాకా ఎప్పుడూ చెప్పాల్సి రాలేదు, ఆలోపే చేతులు కుదురుకుంటాయి. అయినా, నాకసలు బావమరిదే లేడు."