చివరి ఎపిసోడ్ల మీద రెడ్డెప్ప సార్ అభిప్రాయాలు

పోయిన నెల మదనపల్లెలో అద్దె ఇంటి ఒప్పందం తిరగరాయించుకోవడానికి వెళితే, నోటరీ దగ్గర బొటనవేలికి ఊదారంగు ఇంకు అంటింది. సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన పోలేదు. ఆ వేలితోనే ఇంటికొచ్చి పనిలో కూర్చున్నాను. నా పని కొరియా, చైనా సీరియళ్ళకు తెలుగు మాటలు రాయడం. తెరమీద ఒక కొరియా కోడలు వర్షంలో నిలువునా తడుస్తూ అత్తను క్షమిస్తోంది. ఆ క్షమను తెలుగులోకి దించుతూ గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాను. ఇంకు వాసన ముక్కుకు తగిలింది. అంతే, పుంగనూరులో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు కింద కూర్చునే రెడ్డెప్ప సార్ గుర్తుకొచ్చాడు. ఆయన గుర్తుకొస్తే నాకు ముందు నవ్వు వస్తుంది. ఆ తర్వాత వచ్చేది నవ్వు కాదు. ఆ రెండోదాని గురించే ఇదంతా రాస్తున్నాను.

రెడ్డెప్ప సార్ దస్తావేజు లేఖరి. అమ్మకాలు, భాగపంపకాలు, వీలునామాలు రాసేవాడు. నేను ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, లోకం నా కోసం కాచుకుని ఉందనుకుని, లేదని తెలిశాక ఆయన దగ్గర టైపిస్టుగా చేరాను. ఆయన చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. సంతకాలకు ముందు మొత్తం కాగితాన్ని పైకి చదివి వినిపించడం ఆయన పద్ధతి. వచ్చినవాళ్ళు తొందరపడినా, మాకు తెలిసిందే కదప్పా అన్నా, ఒక్క ముక్క వదిలేవాడు కాదు. ఆ చదువుతున్న సమయంలోనే మనుషులు ఉన్నట్టుండి లోపలివన్నీ చెప్పేసేవాళ్ళు. అన్న ఎందుకు మాట్లాడడు, వదిన ఏమంది, తల్లి నగలు ఎవరింట్లో ఉన్నాయి. ఇవన్నీ ఆయన చెవిలో పడి అక్కడే ఆగిపోయేవి. రెడ్డెప్ప దగ్గర చెప్పిన మాట ఆయన భార్యకు కూడా తెలియదని ఊళ్ళో పేరు. వీధిలో ఇంకా ముగ్గురు లేఖరులు ఉండగా జనం ఈయన దగ్గరికే రావడానికి కారణం దస్తూరి కాదు, అది.

బెంగుళూరులో చదివే మనవరాలు ఒకసారి సెలవులకు వచ్చి, ఆయన ఫోన్‌లో ఒక కొరియా సీరియల్ పెట్టి చూపించి వెళ్ళిపోయింది. అమ్మాయి వెళ్ళింది, సీరియల్ ఉండిపోయింది. మధ్యాహ్నం క్యారియర్ విప్పి, ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి చూసేవాడు. తెలుగు మాటలు లేనివాటికి కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. అవి అందుకోవడానికి ఆయన కళ్ళు చాలేవి కావు. కాబట్టి అరవైయేళ్ళ మనిషికి, సంగటి ముద్ద చేతిలో ఉండగా, 'నిన్ను మొదటిసారి చూసినప్పుడే నా గుండె ఆగింది' వంటి వాక్యాలు చదివి వినిపించడం నా ఉద్యోగంలో భాగమైంది. ఎం.ఏ. ఇంగ్లీషు అంతకుముందు గానీ తర్వాత గానీ నాకు అంతగా పనికిరాలేదు.

ఆయన మామూలు ప్రేక్షకుడు కాదు. సీరియల్‌ను కూడా దస్తావేజు చూసినట్టే చూసేవాడు. హీరోకు గతం గుర్తులేకుండా పోయిందంటే నేను అయ్యో అనుకునేవాణ్ణి. ఆయన మాత్రం, మతి లేనప్పుడు ఆయప్ప పెట్టిన సంతకాలు చెల్లుతాయా చెల్లవా, ఆ సంగతి కథ రాసినోడు ఒక్కడూ ఆలోచించడే అని బాధపడేవాడు. ఆ దేశంలో తెల్ల లారీలన్నీ మంచివాళ్ళ మీదికే ఎందుకు వస్తాయో ఆయనకు అర్థమయ్యేది కాదు. ఒక చైనా సీరియల్లో రాణి నాలుగు ఎపిసోడ్లు చచ్చిపోతూనే ఉంటే, మా పెద్దమ్మ కాఫీ అడిగి, లోటా వచ్చేలోపల పోయిందప్పా, పోయేదానికి అంతకంటే టైం పట్టదు అన్నాడు. ఒక జపాన్ కథలో చివరికి ఏమీ జరగదు. భార్యాభర్తలు సముద్రం వైపు చూస్తూ నారింజ వలుచుకుంటారు. నేను ఇదేం ముగింపు సార్ అన్నాను. ఆయన చెయ్యి కడుక్కొచ్చి, "ఇది సరిగ్గా ఉండాది. తోలు ఆయమ్మ తీసి పెడతాండాది, సూసినావా?" అన్నాడు. నేను చూడలేదు. మళ్ళీ వెనక్కి జరిపి చూశాను. నిజమే.

ముగింపు గురించి ఆయనకు ఒక పెద్ద సూత్రం ఉండేది. పాత కాగితం వెనకవైపు సీరియల్లో మనుషుల పేర్లన్నీ వరసగా రాసుకునేవాడు, ఆయనకు పలికినట్టు. చివరి ఎపిసోడ్ అయ్యాక ఒక్కో పేరుకు టిక్కు పెట్టేవాడు. ఎవరైనా మిగిలిపోతే కథ చెల్లదు. వారసుల్లో ఒకరిని వదిలేసిన భాగపత్రం కోర్టులో నిలబడదు కదా, ఇదీ అంతే. హీరోయిన్ స్నేహితురాలు, పన్నెండు ఎపిసోడ్లు ఆమె కోసం పరిగెత్తిన మనిషి, పెళ్ళిలో కనబడకపోతే ఆ రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. ఇప్పుడు నేను ఏ కథ చూసినా మొదట వెతికేది అలా మిగిలిపోయిన మనిషినే. కాలేజీలో అయిదేళ్ళు చెప్పినవాళ్ళెవరూ నాకు ఈ సంగతి చెప్పలేదు.

ఇంత విలువైన సరుకు రేకుల షెడ్డు కింద వృథా అవుతోందని నాకు అనిపించింది. నాకు అప్పట్లో నలుగురిని నవ్వించడం తప్ప వేరే ఆశయం లేదు. ఆయన మాట్లాడుతుంటే ఫోన్ కాగితాల కింద పెట్టి గొంతు రికార్డు చేసి, సీరియల్ బొమ్మలు అతికించి, 'కొరియా తాత' అని పేరు పెట్టి రీళ్ళుగా వదలసాగాను. ముఖం చూపించలేదు కాబట్టి తప్పు లేదనుకున్నాను. పుంగనూరులో ఆ గొంతు తెలియని మనిషి లేడన్న సంగతి నాకు తోచలేదు. నెలలోపే టీ అంగడిలో ఎవరో ఆయనకే వినిపించారు. సార్ కోప్పడలేదు. తన గొంతు అంత బొంగురుగా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు. తర్వాత నాతో ఒక్కటే అన్నాడు.

"సీరియల్ మాటలు పెట్టుకోప్పా. ఆఫీసు మాటలు మాత్రం వద్దు."

సరే సార్ అన్నాను.

కొన్నాళ్ళకు ఒక కొరియా కథ ముగిసింది. తండ్రి వదిలివెళ్ళిన హోటల్‌లో అక్క తన వంతు కూడా తమ్ముళ్ళకు రాసిచ్చేస్తుంది. తర్వాతి దృశ్యంలోనే మంచు కురుస్తుంది, అందరూ కలిసి నూడుల్స్ తింటారు, అక్క నవ్వుతుంది. రెడ్డెప్ప సార్ ఫోన్ బోర్లించేశాడు.

"నేను ఒప్పుకోనప్పా. ఇప్పుడే గదా రాసిచ్చింది, అంతలోకే కొత్త కోటు తొడుక్కోని యాల నవ్వతాది? మొన్న కుప్పానికిచ్చిన ఒగాయమ్మ వచ్చింది సూడు. అన్నలకి సంతకం పెట్టేసినాక, 'చెక్కుబంది ఇంగోసారి సదువు అప్పా' అనింది. పెట్టేసినావు గదమ్మా, ఇంగ యాల అంటే, 'ఇప్పుడు నాది కాదు గదా, ఇంటాను' అనింది. తూర్పుకి బావి, ఉత్తరానికి తాబేలు గుండు అని సదివినా. కండ్లు మూసుకోని ఇనింది. ముగింపంటే అది. ఈళ్ళకి రాసేదానికి రాదు."

చెక్కుబంది అంటే భూమికి నాలుగు దిక్కులా ఉండే హద్దులు, గుండు అంటే పెద్ద బండరాయి. ఆ మాటలు వింటున్నప్పుడు నేనూ కళ్ళు మూసుకున్నాను. అది బయటపడకూడదనే కాబోలు, ఆ సాయంత్రం దాన్ని నవ్వొచ్చేలా కత్తిరించాను. 'తాబేలు గుండు' దగ్గర డోలు చప్పుడు కలిపాను. ఆఫీసు మాట అని నాకు తెలియదని ఇక్కడ రాస్తే అది అబద్ధమని చదివేవాళ్ళకు తెలియకపోవచ్చు, నాకు తెలుస్తుంది. తెలిసే పెట్టాను. నేను చేసినవాటిలో అది అన్నిటికంటే ఎక్కువమందిని నవ్వించింది. ఆ గుండు పేరు ఇప్పుడు మార్చి రాశాను. ఈ బుద్ధి ఆరోజే ఉండి ఉంటే బాగుండేది.

నాలుగో రోజు ఆమె వచ్చింది. కుప్పం నుంచి పొద్దున బస్సుకు వచ్చి, షెడ్డు ముందు నిలబడింది. యాభైకి దగ్గరలో ఉంటుంది. చేతిలో పెద్ద బ్యాగు. సంతకాలకు వచ్చేవాళ్ళు అంత బ్యాగు తేరు. సంగతి ఏమిటంటే, తన వంతు అన్నలకు రాసిచ్చినట్టు ఆమె ఇంట్లో చెప్పలేదు. భాగాలు ఇంకా కాలేదనే చెప్పింది. భర్త ఆ గుండు పక్కన బోరు వేయించి మామిడి పెడదామని ఏళ్ళ తరబడి అనుకుంటున్నాడు. ఇంట్లో పిల్లలు ఫోన్‌లో కొరియా తాతను పెట్టుకుని నవ్వుతుంటే ఆయనా వచ్చి వింటూ నవ్వాడట. గుండు పేరు వచ్చేదాకా.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

"నీ దగ్గర చెప్పింది నీ దగ్గరే ఉంటాదనుకుంటినప్పా," అంది సార్‌తో.

ఆయన ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనేమ్మా. నా నోరే. పెద్దోణ్ణయిపోతిని, మాట నిలవలేదు" అన్నాడు.

నేను ఆయనకు రెండు మూరల దూరంలో ఉన్నాను. 'ఇందుకు సమ్మతించి' అనే మాటను టైప్ చేసి చెరిపి, మళ్ళీ టైప్ చేసి చెరుపుతూ ఉన్నాను. ఆమె నా వైపు చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. తల ఎత్తలేదు. ఆమె బ్యాగు తీసుకుని అన్నల ఊరి బస్సు ఆగే వైపు వెళ్ళిపోయింది. ఆ రీల్‌ను పెట్టినదానికంటే వేగంగా తీసేశాను. నా ప్రాయశ్చిత్తం అంతటితో ముగిసింది.

సార్ నన్ను ఏమీ అడగలేదు. మరుసటి రోజు మధ్యాహ్నం ఫోన్ చెంబుకు ఆనించి, చెవిలో ఇయర్ ఫోన్ పెట్టుకున్నాడు. తెలుగు మాటలున్న సీరియల్ చూసుకున్నాడు. నేను చదవాల్సిన అవసరం లేనిది. వారం తర్వాత అది అయిపోతే ధైర్యం చేసి, ముగింపు ఎట్లా ఉంది సార్ అని అడిగాను. "బాగుండాదప్పా" అన్నాడు. మూడేళ్ళలో ఏ ముగింపునూ ఆయన అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. కాగితం మీద పేర్లు రాసుకోవడం మానేశాడు. పనీ తగ్గింది. వీధిలో మిగతా ముగ్గురి ముందు బెంచీలు నిండుతుంటే, మా బెంచీ మీద కుక్క పడుకునేది. ఆదివారాల్లో ఆయన ఎక్కడికో వెళ్ళి వచ్చేవాడు. కళ్ళు చూపించుకుంటున్నానని చెప్పేవాడు. నేను నమ్మాను. నమ్మడమే నాకు సౌకర్యం.

ఆ రీళ్ళు చూసే ఒక డబ్బింగ్ కంపెనీ నన్ను పిలిచి ఈ పని ఇచ్చింది. ఆయన మాటలు అమ్ముకుని నేను బాగుపడ్డానని ఎవరైనా అంటే ఖండించడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. వెళ్ళేరోజు, మాటలు రాసినాక పైకి చదువుకో, తప్పు చెవికే ముందు తెలుస్తాది అని చెప్పాడు. బస్టాండు దాకా వచ్చాడు. అప్పుడు చెప్పేద్దామనుకున్నాను. బస్సు వచ్చేసింది. బస్సు రాకపోయినా చెప్పేవాణ్ణి కాదు.

ఆయన పోయి రెండేళ్ళు. పదకొండో రోజుకు వెళ్ళి, భోంచేసి వచ్చాను. ఆ తర్వాత నిద్రపట్టడం కొంచెం కష్టమైంది. పోయిన ఎండాకాలం కుప్పం వెళ్ళాను. అడ్రసు వెతుక్కోనక్కర లేదు, ఆ దస్తావేజు టైప్ చేసింది నేనే. ఆమె అరుగు మీద కూర్చుని కొత్తిమీర కట్టలు కడుతోంది. భర్త మార్కెట్‌కు వెళ్ళాడని చెప్పి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టకుండానే, ఆ రీల్ పెట్టింది సార్ కాదు, నేను అన్నాను.

"తెలుసప్పా," అంది కట్ట ముడేస్తూ. "ఆయప్పకి ఫోన్లో డోలు కలిపేదానికి వస్తాదా? ఆ పొద్దు నువ్వు తల ఎత్తుతావేమోనని సూస్తానే ఉంటిని."

నేను కొత్తిమీర వైపు చూశాను. ఆమే చెప్పింది. రెడ్డెప్ప సార్ మూడు ఆదివారాలు ఆ ఇంటికి వచ్చాడట. మొదటిసారి ఆమె భర్త కూర్చోమనలేదు. రెండోసారి కూర్చోమన్నాడు, మాట్లాడలేదు. మూడోసారి మంచినీళ్ళు ఇచ్చాడు. ఆ వారమే అన్నల ఊరికి వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చాడు. మూడుసార్లూ సార్ తప్పు తనదేనని చెప్పాడట.

"నాకు మనసు ఒప్పలేదు. ఇంటికొచ్చినాక ఆయప్పకి ఫోన్ చేసి, ఆ పిల్లోడే గదప్పా అని అడిగితిని. 'వాడే చెప్తాడులేమ్మా. తొందర పెడితే అబద్ధం చెప్తాడు, రానీ' అన్నాడు."

ఇప్పుడు ఈ మాటలు రాసేవాళ్ళమంతా వారానికోసారి ఫోన్‌లో కలిసి మాట్లాడుకుంటాం. ఎవరి తప్పులు వాళ్ళకు చెబుతారు. మొన్న ఒక చైనా సీరియల్లో అల్లుడి మాటలు అత్త నోట్లో పడ్డాయి. ఎవరు రాశారని అడిగారు. నేనే అన్నాను. తర్వాత చూస్తే ఆ ఎపిసోడ్ నాది కాదట, ఆ వారం నేను సెలవులో ఉన్నానట. అందరూ నవ్వారు. ఇలా జరగడం మొదటిసారి కాదు. నాది కాని తప్పులు కూడా ఈమధ్య నోటికి ముందే వచ్చేస్తున్నాయి. రావలసిన ఒక్కటి మాత్రం రావలసినప్పుడు రాలేదు. పుంగనూరు వదిలాక ప్రతి ఉగాదికీ సార్‌కు ఫోన్ చేసేవాణ్ణి. ఆరోగ్యం, ఎండలు, మనవరాలి చదువు అన్నీ అయిపోయేవి. మాటలైపోయాక కూడా ఆయన ఫోన్ పెట్టేవాడు కాదు. ఏమీ అనకుండా అలాగే ఉండేవాడు. సిగ్నల్ పోయిందనుకుని నేనే పెట్టేసేవాణ్ణి.