గడప రంగు పూసిన ఫ్యాన్

మా అక్క చేతికి రంగు డబ్బా ఇస్తే ఇంట్లో ఏదీ మిగలదు. గడపకు పసుపు ఎనామిల్ వేసి, మీద ఎర్ర చుక్కలు పెట్టి, డబ్బా అడుగున మిగిలినదాన్ని పారబొయ్యడానికి మనసొప్పక తులసి గద్దెకు, బోరింగ్ పిడికి, ఆఖరికి గొడ్డలి కామకు కూడా పూస్తుంది. నేను లారీ కొన్నప్పటి నుంచి ఆ మిగిలిన రంగు ప్రతి దసరాకూ నా బండికి వస్తోంది. కేబిన్ ఎత్తించి, రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉన్న ఇరుకు సందులో తన సన్నటి చెయ్యి దూర్చి, ఫ్యాన్ రెక్కలకూ నడుమనున్న పెద్ద నట్టుకూ పూతమీద పూత వేస్తుంది. ఎందుకక్కా అంటే, "గాలి లోపలికొచ్చేది ఈడికెల్లే గదరా. బండికి ఇదే గడప" అంటుంది. పండగ పూట ఆమెతో పెట్టుకుంటే మటన్ కూర పెట్టదు. అందుకే అడిగినప్పుడల్లా కేబిన్ ఎత్తి ఇస్తాను.

మొన్న యాసంగి కోతలప్పుడు ఆ రంగు నా ప్రాణాలు తోడేసింది.

అక్క ధర్మసాగర్ అవతల ఒక ఊళ్లో కౌలుకు వరి చేస్తుంది. బావ పోయిన దగ్గర్నుంచి ఒక్కతే చేసుకుంటోంది. అంతకుముందు పంట వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప మీదే తడిసి మొలకలెత్తాయి. ఆ మొలకల వడ్లు పిడికిట్లో పట్టుకుని అక్క ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఇంకోసారి ఇట్లా అయితే కౌలు వదిలేసి కూలికి పోతానని మాత్రం చెప్పింది. అక్క ఊరికే అనే మనిషి కాదు. ఈసారి కాంటా అయింది, బస్తాలు కుట్టారు. కానీ లారీ వచ్చి ఎత్తుకుపోయి మిల్లులో దించేదాకా ఆ వడ్లు రైతు నెత్తి మీదే ఉంటాయి. వాన పడి తడిస్తే మిల్లువాళ్లు దించుకోరు. లారీలన్నీ మిల్లుల ముందు బారులు తీరి ఉన్న రోజులవి. నేను లారీల కాంట్రాక్టర్‌ను బతిమాలి, నా బండిని ఆ కేంద్రానికే వేయించుకున్నాను. పొద్దున్నే వస్తానని అక్కకు మాట ఇచ్చాను.

చెప్పిన రోజు పొద్దున్నే బయల్దేరాను. కాజీపేట దాటకముందే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేచింది. దిగి చూస్తే వాటర్ పంపు కింద నుంచి నీళ్లు కారుతున్నాయి, దాని ముందున్న ఫ్యాన్ ఊగుతోంది. ఆగుతూ, నీళ్లు పోస్తూ, దేవుళ్లందరికీ దండాలు పెడుతూ బండిని వెనక్కి తిప్పి ఆటోనగర్‌లో నాకు అలవాటైన మెకానిక్ షెడ్డుకు చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. మేస్త్రి నాకంటే చిన్నవాడు, చేతి పని మంచిది, నోరు ఇంకా మంచిది.

"పంపు బేరింగ్ ఖతమన్నా. ఇట్లనే నడిపితే ఫ్యాన్ ఊడొచ్చి రేడియేటర్‌ను చీరేస్తది" అన్నాడు.

కొత్త పంపు పక్క దుకాణంలోనే దొరికింది. దొరికింది గదా అని నేను సంబరపడ్డాను కూడా. కానీ ఫ్యాన్ తీస్తే తప్ప పాత పంపు బయటికి రాదు. ఫ్యాన్ రావాలంటే నడిమి నట్టు కదలాలి. మేస్త్రి కేబిన్ ఎత్తి, సందులోకి టార్చి వేసి, నట్టును గోటితో గీకి చూశాడు.

"ఇదేందన్నా, నట్టుకు గడప రంగేసిండ్రు?"

"మా అక్క."

"నట్టుకా?"

"నట్టుకే."

వాడు పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికే పడమటి వైపు ఆకాశం మబ్బు పట్టి మసకబారుతోంది, అక్క ఊరు అటువైపే.

రంగు ఎంత మందంగా పేరుకుందంటే నట్టు అంచులే కనిపించడం లేదు, పానా పట్టడం లేదు. ఉలితో గీకి గీకి నాలుగు పక్కలా కొంచెం లోహం బయటపడేలా చేశాడు. రేడియేటర్‌కు దెబ్బ తగలకుండా మధ్యలో అట్టపెట్టె ముక్క నిలబెట్టాడు. నేను రాడ్డు అడ్డం పెట్టి పుల్లీ తిరగకుండా పట్టుకున్నాను. పెద్ద పానా తగిలించి, దాని కొస మీద సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకూ నా భుజాలు అదిరాయి. నట్టు మాత్రం కదల్లేదు.

ఫోన్ మోగింది. అక్క.

"ఎక్కడిదాంక వచ్చినవ్ రా?"

"వస్తానక్కా, జర బండి పనుంది."

"జల్ది రారా. మొగులైతాంది, వానొచ్చేటట్టుంది. హమాలోళ్లు నీ కోసమే కూసున్నరు. ఇంక లేటైతే పోతమంటాండ్రు."

"ఫికర్ జేయకు, వచ్చేస్తాన" అన్నాను. చేతిలో రాడ్డు, ముందు విప్పిన బండి. ఎలా వస్తానో నాకే తెలియదు.

మళ్లీ కొట్టాడు. ఈసారి పానా జారింది. జారి అట్టను చీల్చుకుని రేడియేటర్ మీదికి పోయింది. మేస్త్రి వేలితో తడిమి చూశాడు. రెండు రేకులు వంగాయి, నీటి గొట్టానికి తగల్లేదు. తగిలి ఉంటే ఇక ఆ రోజుకు బండి లేదు. పక్కనున్న టైరు మీద కూలబడ్డాను.

గాలి లేచింది. షెడ్డు మీది రేకులు దడదడలాడాయి. ఎదురు దుకాణం వాడు బయట పెట్టిన సామాను లోపలికి తీసుకుంటున్నాడు. అంత దూరంలో అక్క బస్తాల మీద చిల్లుల పట్టా ఒకటి, అద్దెకు తెచ్చిన పట్టా ఒకటి ఉన్నాయని నాకు తెలుసు. ఈ గాలికి అవి ఆగవు.

"నట్టు కోసేద్దామా?" అన్నాను.

"కోస్తే ఫ్యాన్‌కున్న చూడీలు, అదే మర చుట్లు, గూడ పోతయన్నా. ఆ సామాన్ ఇయ్యాల దొరకది. రేపు హైదరాబాద్‌కెల్లి తెప్పియ్యాలె."

రేపు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. మేస్త్రి మీద కాదు, అక్క మీద. ఎవరైనా ఇంజన్‌కు గడప రంగు పూస్తారా? పదేపదే పూస్తారా? తన వడ్లకు తనే అడ్డం పడిందని, తన చేతులతోనే నట్టును మూసి పెట్టిందని, వినేవాళ్లు ఉన్నారని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. మేస్త్రి నా వైపు చూడలేదు. గ్యాస్ బండ లాక్కొచ్చి మంట అంటించాడు.

"ఒక్కసారి కాలుస్త. రాకపోతే నన్నేమనకు" అన్నాడు.

మంట తగలగానే రంగు ఉబ్బింది. పొగలు లేచాయి. ఏ ఏటి పూత ఆ ఏటిదిగా పొరలు పొరలుగా లేచి నల్లబడి రాలింది. పసుపు కింద ఎరుపు, ఎరుపు కింద మళ్లీ పసుపు. ఆ వాసనకు నా కళ్లు మండాయి. మేస్త్రి వైర్ బ్రష్‌తో నట్టు చుట్టూ రుద్దాడు. రుద్దుతూ రుద్దుతూ చటుక్కున ఆగి, టార్చి దగ్గరగా పెట్టాడు.

నట్టు పక్కన లోహంలోనే పోత పోసిన చిన్న బాణం గుర్తు ఉంది. ఎటు తిప్పితే ఊడుతుందో చూపించే బాణం. అది కుడి వైపు చూపిస్తోంది.

"అన్నా" అన్నాడు మెల్లగా. "గీ మోడల్‌కు నట్టు ఎడమకే ఇప్పుతరు. నీ బండికి ముందటోడెవడో ఏరే ఫ్యాన్, పుల్లీ ఎక్కిచ్చిండు. ఇది ఉల్టా చూడి."

"అంటే?"

"ఇంతసేపు మనం బిగిచ్చినం."

ఆ బాణాన్ని కప్పింది అక్క రంగే. తిట్టడానికి కూడా నాలో ఓపిక మిగల్లేదు. మళ్లీ రాడ్డు పట్టుకున్నాను. ఫోన్ మోగింది, తియ్యలేదు. ఏం చెప్పాలో తెలిస్తే కదా తియ్యడానికి. మేస్త్రి పానాను రెండో వైపు తగిలించి, నట్టును మళ్లీ కాల్చి, సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు. ఆ తర్వాతి దానికి 'కిర్రు'మని చిన్న చప్పుడు. పానా విరిగిందనుకున్నాను. విరగలేదు. నట్టు కదిలింది. ఆ తర్వాత అది చేత్తోనే తిరుగుతూ వచ్చేసింది, అంతసేపు ఏడిపించింది తను కానట్టు.

పాత పంపు తీసి, కొత్తది బిగించి, ఫ్యాన్ ఎక్కించి నీళ్లు పోసేసరికి పొద్దు వాలింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, "అక్కకు జెప్పు, రంగు గడపకే ఎయ్యమని" అన్నాడు. తప్పకుండా చెబుతానన్నాను. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలో కూర్చుకుంటూనే నడిపాను.

కేంద్రానికి చేరేసరికి దుమ్ము లేచి ఎదుటి మనిషి సరిగ్గా కనిపించడం లేదు. అక్క బస్తాల మీద ఉంది. పట్టా లేచిపోకుండా దాని మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో అంచులు పట్టుకుని ఉంది. కొంగు ఎటో పోయింది, జుట్టంతా మట్టి. లారీ లైట్లు పడగానే తలెత్తింది.

"వచ్చిండు, నేను జెప్పలే? మా తమ్ముడు వస్తాండని జెప్పలే?" అని హమాలీల మీద అరిచింది. వాళ్లు వెళ్లిపోకుండా ఆమె ఎన్ని మాటలు పడి ఆపిందో ఆ గొంతులోనే తెలిసింది. బస్తాలు ఎక్కుతుంటే నేనూ భుజం పెట్టాను. ఆఖరి బస్తా ఎక్కించి, పట్టా కప్పి, తాడు బిగించేటప్పుడు నా చేతి మీద పెద్ద చినుకు పడింది. తర్వాత వాన దంచింది.

మిల్లు దాకా అక్క కేబిన్‌లో నా పక్కనే కూర్చుంది. చాలాసేపు వెనక పట్టా మీద వాన చప్పుడే వింటూ ఉంది. తర్వాత స్టీరింగ్ మీదున్న నా చెయ్యి లాక్కుని చూసింది. గోళ్ల సందుల్లో కాలిన పసుపు పెచ్చులు ఇరుక్కుని ఉన్నాయి. ఆమె మొహం విప్పారింది.

"చూసినవా, నీ చేతికి గూడ అంటింది. పొద్దటిసంది అదే అనుకుంటాన. నేను గడప పెట్టిన బండి నన్నెట్ల ముంచుతదిరా?"

దారంతా కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. మట్టి కొట్టుకుపోయిన ఆ మొహం చూశాక ఒక్కటీ బయటికి రాలేదు.

"అవునక్కా" అన్నాను. దసరాకు ఆమె డబ్బా పట్టుకుని రాకముందే ఆ నట్టుకు రంగు అంటకుండా దండిగా గ్రీజు పట్టించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.