నీళ్లు లేని గొయ్యి కోసం

మూడు వేసవుల నుంచి నా మాటకు జవాబు లేదు. నాలుగు ఉత్తరాలు రాశాను. రెండు చేతికిచ్చాను, ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపాను, ఇంకొకటి ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి కమిటీ సెక్రటరీగారి చొక్కా జేబులో నేనే పెట్టాను. "చూద్దాం లెండి" అన్నారు. మరుసటి ఆదివారం అదే చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చారు. ఉత్తరం ఏమైందో ఆయన చెప్పలేదు.

అడిగింది నా కోసం కాదు, మా అక్క కోసం. అక్క బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. పిల్లలు లేరు. బావ శ్రావణమాసంలో పోయాడు. మా సమాధుల తోట పంటకాలువకూ వరిచేలకూ మధ్య ఉంది. కాలువ పారుతున్న రోజుల్లో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. ఆ రోజు వాన కూడా పడుతోంది. ఇద్దరు మనుషులు బకెట్లతో తోడుతూనే ఉన్నారు, గొయ్యి నిండుతూనే ఉంది. చివరికి అలాగే దించారు. పెట్టె తేలింది. తోడినవాళ్లిద్దరూ దాని మీదెక్కి నిలబడితే మిగతావాళ్లు మట్టి వేశారు. పాస్టరుగారు గొంతు పెంచి వాక్యం చదువుతూ పోయారు. అక్క అంతా చూసింది. ఈ సెక్రటరీగారు గొడుగు కింద నిలబడి నాతో, "మోటారు మీరే తెచ్చుకోవాల్సిందండి" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పిన వారం అక్క నన్ను పిలిపించింది.

"పుస్తకం, పెన్ను తెచ్చుకోరా. నేను పోయాక నీకు తోచినట్టు చేస్తావు. చెప్తాను, రాసుకో."

"ఇప్పుడేం తొందరక్కా?"

"నాకే. నీకు కాదు."

తెల్లచీర వద్దంది. బీరువాలో ఆకుపచ్చ నేతచీర ఉంది, అది కట్టమంది. రోడ్డు మీద తన ఫొటోతో ఫ్లెక్సీ పెట్టొద్దంది. పాట మూడు చరణాలు చాలంది, కీబోర్డు వద్దంది. నేను రాసుకుంటూ, "మరి ఆ రోజు నీ గురించి సాక్ష్యం నేను చెప్పనా?" అని అడిగాను.

"నువ్వు మాట్లాడకు. నన్ను పక్కన పెట్టి పాతగొడవలన్నీ తీస్తావు."

అదీ రాసుకున్నాను. అక్క పుస్తకం తీసుకుని, రాసిందంతా ఒకసారి చదివి తిరిగిచ్చింది.

"మీ బావ పక్కనే పెట్టు. కానీ నన్ను నీళ్లలో పెట్టకురా."

కాలువల ఆఫీసులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినవాణ్ని. దీనికి దారి నాకు వెంటనే తోచింది. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు, భూమిలో నీరు కిందికి దిగుతుంది. అప్పుడు తవ్వి, అడుగున కాంక్రీటు పోసి, నాలుగువైపులా ఇటుక కట్టి, సిమెంటు పూసి, పైన పలకలు మూసేస్తే చాలు. ఏ నెలలో అవసరం వచ్చినా లోపల పొడిగా ఉంటుంది. మేస్త్రీని తీసుకెళ్లి చోటు చూపించాను. "అంతా కలిపి వారం పనండి. కాలువకు నీళ్లు వదిలాక మాత్రం నన్ను పిలవకండి" అన్నాడు. ఇక కావలసింది కమిటీ అనుమతి ఒక్కటే.

మొదటి వేసవిలో నన్ను మీటింగుకు పిలిచారు.

"బతికున్న మనిషికి గొయ్యేంటండీ?" అన్నారు సెక్రటరీగారు.

"ఇటుక కట్టి మూసేస్తామండి. పైకి అరుగులా ఉంటుంది."

"మూసినా ఖాళీగొయ్యి ఊరుకోదండి. ఎవరో ఒకర్ని అడుగుద్ది."

అంతకు ముందు నెల ఈస్టరు ఆదివారం పునరుత్థానం పాఠం చదివింది ఈయనే. నాకు నోరు ఆగలేదు. "అది ఏ అధ్యాయంలో ఉందండీ?" అన్నాను. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఫైలు మూసి, టీ తెప్పించారు. టీ నా దాకా రాలేదు.

ఇంటికి వచ్చి అక్కకు చెప్పాను.

"అనుమతి అడగమని పంపితే నవ్వించి వచ్చావా?" అంది.

రెండో వేసవికి కొత్త పాస్టరుగారు వచ్చారు. మంచివారే. కమిటీ తీర్మానం కావాలన్నారు. కమిటీని అడిగితే పాస్టరుగారు చెప్పాలన్నారు. నేను ఆ ఇంటికీ ఈ ఇంటికీ తిరుగుతుండగానే కాలువ వదిలేశారు. కమిటీలో ఒక పెద్దమనిషి నా భుజం తట్టి, "ఆవిడ పోయినప్పుడు చూద్దాంలెండి, మేం లేమా?" అన్నాడు. ఉంటారు. బావ పోయినప్పుడూ ఉన్నారు.

ఈ వేసవిలో అక్క మంచం దిగడం లేదు. పడుకుంటే ఊపిరి ఆడదు, మూడు దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంటుంది. రోజూ సాయంత్రం నేను వెళ్లగానే, "ఏమన్నార్రా?" అని అడుగుతుంది. "మీటింగుందంట" అంటాను. మీటింగు లేదని ఆవిడకు తెలుసు.

మొన్న ఆ ప్రశ్న వేయలేదు. "కాలువ ఇంకా ఎన్నాళ్లు కట్టేసి ఉంచుతార్రా?" అంది.

చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఈలోగా పోతే ఎవర్నీ అడగక్కర్లేదు కదా" అంది.

దిండు సర్దాను. అది సరిగానే ఉంది. మళ్లీ సర్దాను. అనుమతి లేకుండా తవ్వించేద్దామని కూడా అనుకున్నాను. ఆ పని చేస్తే రేపు గేటుకు తాళం వేసి, బావ పక్కన చోటే లేదంటారేమో. ఆ భయంతో ఆగిపోయాను. డెబ్బై ఏళ్ల వయసులో ఎవరిని పట్టుకోవాలో, ఎవరి కాళ్లు పట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

సెక్రటరీగారూ, నీళ్లు వదలడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. నేనన్న మాటకు మీకు కోపముంటే ఆ కోపం నా మీద ఉంచుకోండి, నన్ను ఎక్కడ పూడ్చినా అడగను. మా అక్క సంగతి వేరు. వద్దంటే వద్దనే రాసివ్వండి, ఆ కాగితం తీసుకెళ్లి ఆవిడకు చదివి వినిపిస్తాను. ఆవిడ పోయాక నాకు చెప్పడం కాదు, ఆవిడ వినగలిగినప్పుడే చెప్పండి. కట్టుకోవచ్చా, కట్టుకోకూడదా?