ఎన్నేళ్ళో అడగని లెక్క

లెక్కల మాస్టారికి ఒక ఊతపదం ఉంది. శ్రేఢి లెక్క ఏదైనా సరే, సుద్దముక్క పట్టుకునే ముందు "ఎన్ని పదాలో చూడండర్రా" అంటాడు. వరసలో ఒక్కో అంకె ఒక్కో పదమన్నమాట. ఇరవై రెండేళ్ళుగా అదే పాట. పిల్లలు చాటున ఆయన్ని 'ఎన్నిపదాలు' అనే పిలుచుకుంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల మురిసిపోతాడు కూడా. అంతటి మనిషి సొంత బావ దగ్గర ఆ ఒక్క మాటే మరిచిపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అన్నారా?

బావ అంటే అక్క మొగుడు, లేత్ మిషన్ మీద చెయ్యి తిరిగినవాడు. పాతికేళ్ళు పనిచేసిన వర్క్‌షాపు మూతపడ్డాక రెండు చోట్ల నుంచి పిలుపొచ్చింది. ఒకచోట నెలకు ఇరవై వేలు, ఏటా పదిహేను వందల పెంపు. రెండోచోట పదహారు వేలే, కానీ ఏటా నూటికి ఎనిమిది చొప్పున పెంపు. ఏది మేలో చెప్పమని మాస్టారింటికొచ్చాడు. మాస్టారు కాగితం కూడా తీయలేదు. మొదటిది అంకశ్రేఢి, ఎన్నేళ్ళయినా అదే పదిహేను వందలు. రెండోది గుణశ్రేఢి, పెరిగినదాని మీద మళ్ళీ పెరుగుతుంది, దాని ముందు ఇది నిలవదని తేల్చేశాడు. బావ మారుమాట్లాడకుండా రెండోదాంట్లో చేరాడు.

మూడు నెలల తర్వాత మాస్టారు ఆ లెక్కే బోర్డు మీద వేశాడు. మా బావకి నేనే దారి చూపించానని కాస్త గొప్పగా చెప్పుకున్నాడు కూడా. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది.

"ఎన్ని పదాలు మాస్టారూ? ఆయనకింకా ఎన్నేళ్ళ సర్వీసుంది?"

బావకి నలభై ఎనిమిది. అరవైకి దిగిపోవాలి. పన్నెండు పదాలు. మాస్టారు ఒక్కో ఏడూ వేసుకుంటూ పోయాడు. పదకొండేళ్ళూ మొదటి జీతమే ఎక్కువ. రెండోది దాన్ని దాటేది పన్నెండో ఏటే, అదీ ఎనిమిది వందల చిల్లర. మొత్తం మీద బావకి పోయేది నాలుగు లక్షల పైమాటే. పిల్లల ముందు ఆయనకి తలకొట్టేసినట్టయింది. గంట కొట్టేదాకా బోర్డు వైపే తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం తిన్నగా ఆ ఇరవై వేలిస్తామన్న చోటికి వెళ్ళాడు. ఆ ఉద్యోగం ఎప్పుడో నిండిపోయిందన్నారు. అక్కడి నుంచి కాళ్ళీడ్చుకుంటూ అక్క ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే తప్పంతా ఒప్పేసుకున్నాడు. బావ తిడితే బాగుండునని ఉంది ఆయనకి. బావ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"నీ దగ్గరికి రాకముందే మీ అక్కా నేనూ ఏడాదికేడాది కూడి చూసుకున్నాం. మొదటిదే మేలని తేలింది" అన్నాడు.

"మరెందుకు చేరలేదు బావా?"

"నువ్వు రెండోదన్నావు కదయ్యా. మాకేం చదువులు, మా కూడికే తప్పయ్యుంటుందనుకున్నాం."

అక్క మంచినీళ్ళు తెచ్చి తమ్ముడి చేతికిచ్చింది. మాస్టారు గ్లాసు అందుకున్నాడు గానీ, తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాడు.