వాసన కోసం కొన్న గులాబీ

రెండో వేవ్‌లో మా ఇంట్లో ముగ్గురికీ కరోనా వచ్చింది. నాకూ, మా అమ్మాయికీ వారంలో తగ్గిపోయింది. మా ఆయనకు జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. పది రోజుల్లో వస్తుందన్నారు, తర్వాత నెలలో వస్తుందన్నారు. ఆ పైన మేమూ అడగడం మానేశాం.

అప్పుడు పని కోసం వలసొచ్చి గుజరాతీల ఊళ్లో, భేస్తాన్ అనే పేటలో ఉండేవాళ్లం. ఆయన ఖటోదరా పేటలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. నేను ఇంట్లో చీరలకు లేసు కుట్టేదాన్ని. జబ్బు పడకముందు మెట్లెక్కుతూనే "ఎండుచేపలా?" అని కనిపెట్టేసేవాడు. ఇప్పుడు ఏం పెట్టినా మాట్లాడకుండా తినేవాడు. ఒకరోజు పాచిపోయిన పప్పు కంచం నిండా తిని లేచాడు. నేను నోట్లో పెట్టుకున్నాక గానీ తెలియలేదు.

"అయ్యో, పాడైన పప్పు అట్లనే తిన్నవా?"

"నాకేం ఎరుక," అని చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నాడు.

మరుసటి ఫిబ్రవరిలో నాకు ఎర్ర చీరల పని చాలా వచ్చింది. అన్నీ ఒకటే ఎరుపు, అంచంతా తెల్ల హృదయాలు. ప్రేమికుల రోజుకు ముందే దుకాణాలకు చేరాలని పని ఇచ్చే సేఠ్ ఒకటే తొందర. మా సందు మలుపులో మొబైల్ షాపువాడు కూడా హృదయం ఆకారపు బెలూన్లు వేలాడదీశాడు. "ఇదంత దందా," అనేవాడు మా ఆయన. నాకూ అలాగే అనిపించేది. పెళ్లై ఇరవై ఏళ్లు దాటింది, నాకు ఒక గులాబీ తెచ్చింది లేదు.

ఆ ప్రేమికుల రోజు సాయంత్రం తెచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పొడుగు కాడ ఉన్న ఒక్క పువ్వు. వరండాలో కూర్చున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. మా అమ్మాయి "వాహ్ పప్పా!" అంటూ ఫోన్ తీసింది. నాకు సిగ్గేసి పైట సర్దుకున్నాను.

ఆయన మాత్రం నవ్వలేదు. "జర వాసన చూసి చెప్పు," అన్నాడు.

చూశాను. ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకేం లేదు.

"బస్సు దిగిన కాడి నుంచి చూస్తున్న. నాకేం తెలుస్తలేదు," అన్నాడు. "ఇంత పెద్ద పువ్వన్న తెలుస్తదేమో అని కొన్న. ఇగ రాదు నాకు."

పువ్వు నా కోసం కాదని అప్పుడర్థమైంది. ఆయన మొహం చూశాక కోపం రాలేదు.

"దీనికే వాసన లేదు," అన్నాను.

"నా మనసు కోసం చెప్తున్నవ్."

అమ్మాయీ చూసి అదే మాట చెప్పింది. అయినా నమ్మక పక్కింటి గుజరాతీ బెన్ దగ్గరికి పట్టుకెళ్లాడు. ఆమె మాస్కు దించి గట్టిగా పీల్చింది. "దీనికి సుగంధ్ ఎక్కడిది భాయ్? చూడ్డానికే ఇవి," అంది హిందీలో.

ఆయన గడప మీద కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. అన్ని నెలల్లో మొదటిసారి అప్పుడు నోరు విప్పాడు.

"తిండి గురించి కాదు నా బాధ. ఇంట్లకొస్తే ఎవరింట్లకో వచ్చినట్టుంటది. నువ్వు పక్కన పండుకున్నా, నువ్వేనా అనిపిస్తది."

నేనే ఒకసారి గాలి గట్టిగా పీల్చాను. "ఇయ్యాల వంకాయ కూర," అన్నాను. "ఎల్లిపాయ జర మాడింది. ఇల్లంత అదే వాసన."

"ఇంకా?"

"పొద్దుగాల ఉతికిన దుప్పట్లు సబ్బు వాసనొస్తున్నయి. నేనైతే చెమట, కొత్త బట్టల గంజి."

"ఊఁ, చెప్పు," అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన రాగానే ఇల్లు ఏ వాసన వేస్తుందో చెప్పడం నాకు అలవాటైంది. నాకు విసుగ్గా ఉన్న రోజు అమ్మాయి చెప్పేది. వాసన తిరిగొస్తుందట, లవంగాలు, నిమ్మకాయ రోజూ ముక్కు దగ్గర పెట్టుకోమని అమ్మాయే ఫోన్‌లో చదివి చెప్తే, అదీ చేశాడు. పువ్వు కొన్నది నా కోసం కాకపోయినా, నాకు గుర్తున్న ప్రేమికుల రోజు అదొక్కటే.

వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం పాల కోసం వెళ్లినవాడు ఉత్త చేతులతో పరుగెత్తుకొచ్చి, నా చెయ్యి పట్టి కిందికి లాక్కెళ్లాడు. మా బిల్డింగు వెనక మురికి కాలువ పొంగి పారుతోంది.

"కంపు! కుళ్లు కంపు! కొడుతుంది గదా?" అన్నాడు, పిల్లాడిలా.

"బాగ కొడుతుంది," అన్నాను.

ముక్కు మూసుకోబోయిన చెయ్యి దించేశాను. ఇద్దరం ఆ కాలువ పక్కనే కాసేపు నిలబడ్డాం.